చెరకు నరికిన చేతులకు దక్కని పింఛను

మన సంఘ కుటుంబములలో ఒక బిడ్డయైనను సిడ్నీలోనో, బ్రిస్బేనులోనో, మెల్బోర్నులోనో స్థిరపడని యిండ్లు నేడు కొద్దిగానే యుండును. 1987 సంవత్సరపు సైనిక తిరుగుబాట్ల తరువాత మన ద్వీపములనుండి సాగిన వలస ఇంతవరకు ఆగలేదు. అచ్చటినుండి వచ్చు వర్తమానములలో తరచుగా వినవచ్చు మాట పింఛను. పని లేనివానికి భృతి, ముసలివానికి పింఛను, రోగికి వైద్యము, బిడ్డలతల్లికి సాయము, ఇవన్నియు ప్రభుత్వమే యిచ్చునని విన్నప్పుడు మన పెద్దలకు ఆ దేశము ధర్మరాజు కొలువువలె తోచుట సహజమే. ఆ ధర్మము ఎట్లు పుట్టెను? ఎవరి సొమ్ముతో పెరిగెను? ఎవరిని గడపవెలుపల నిలిపెను? ఈ ప్రశ్నలకు సమాధానములు చెరకుతోటలలో దొరకును. కనుకనే ఆస్ట్రేలియా చరిత్రలోని యీ భాగము మనకు పరాయిది కాదని తలచి పాఠకులకు విన్నవింపబూనితిమి.

ఇంగ్లండునుండి వచ్చి ఆ ఖండమున కాపురముండినవారు తమ దేశపు బీదల చట్టమును వెంట తేలేదు. బీదలను పోషించు భారము ధర్మసంఘములకు విడువబడెను. సిడ్నీలోని బెనెవొలెంట్ సొసైటీ 1813లోనే పుట్టినది. క్వీన్సులాండులో దిక్కులేని వృద్ధులను స్ట్రాడ్‌బ్రోక్ ద్వీపమునందలి డన్విచ్ ఆశ్రమమునకు పడవపై పంపుచుండిరి. ఆ ఆశ్రమము 1946 వరకు నడచినది. ఈ సంఘముల దాతలు బీదలను రెండు తెగలుగా విభజించిరి. కష్టపడి, మద్యము ముట్టక, దురదృష్టమువలన చెడినవాడు సాయమునకు పాత్రుడు, తక్కినవాడు అపాత్రుడు. పాత్రాపాత్ర విచారము మన పెద్దలు ఎరుగనిది కాదు. అయితే మనవారు దానిని భూదాన గోదానముల విషయమున చెప్పిరే గాని, అన్నము విషయమున ఆకలియే పాత్రత యనిరి. ఆ భేదమును అచ్చటి దాతలు గమనించినట్లు తోచదు.

1891లో గొఱ్ఱెల ఉన్ని కత్తిరించు పనివారి పెద్ద సమ్మె, 1893లో బ్యాంకుల పతనము, ఆ వెనుక ఏండ్ల తరబడి అనావృష్టి, ఇవి ఒకదానివెంట నొకటి వచ్చెను. జీవితమంతయు పొదుపు చేసినవాడు బ్యాంకు తలుపులు మూతపడగా ఒక్క ఉదయముననే బీదవాడయ్యెను. వానిని అపాత్రుడనుటకు ఎవరికిని నోరు రాలేదు. ధర్మసంఘముల ఖజానాలు ఖాళీ యయ్యెను. వృద్ధులకు ప్రభుత్వమే పింఛను ఈయవలెనను వాదము అప్పుడు బలపడెను. విక్టోరియా, న్యూ సౌత్ వేల్సు రాష్ట్రములు 1901లో పింఛను లీయసాగెను. దేశమంతటికి వర్తించు చట్టము డీకిన్ ప్రధానిగా నున్న కాలమున, 1908 జూనులో, చేయబడెను. 1909 జూలై 1వ తేదీనుండి పింఛను చేతికందెను.

ఆ చట్టము గొప్పతనమును తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు. జర్మనీ 1889లో పెట్టిన వృద్ధాప్య పింఛనునకు పనివాడు తన కూలినుండి చందా కట్టవలయును. ఆస్ట్రేలియాలో అట్టి చందా లేదు. సర్కారు ఆదాయమునుండియే చెల్లించిరి. బ్రిటనులో అదే 1908లో చేయబడిన చట్టము 70 ఏండ్లు నిండినవారికి వారమునకు 5 షిల్లింగులు మించకుండ ఈయగా, ఆస్ట్రేలియా 65 ఏండ్లకే 10 షిల్లింగుల వఱకు ఇచ్చెను. 1910నుండి స్త్రీలకు 60 ఏండ్లకే దక్కెను. పనిచేయజాలని అంగవికలురకు కూడ ఆ యేటనే మొదలయ్యెను. 1912లో, పింఛనుదారుని సొంత యింటిని ఆస్తి లెక్కలో చేర్చరాదని నిర్ణయించిరి. ఇదంతయు దానముగా గాక హక్కుగా ఈయబడినది.

దానమునకును హక్కునకును గల యెడమును తెలిసికొనుటకు ఒక్క చిన్న ముచ్చట చాలును. గోదావరి సీమలో లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు దారినబోవు ప్రతి ఆకలిగొన్నవానికి అన్నము పెట్టి అపర అన్నపూర్ణ యనిపించుకొని, 1909 ఏప్రిలులో కన్నుమూసిరి. ఆస్ట్రేలియాలో పింఛను మొదలైనది ఆ తరువాత రెండు నెలలకే. సీతమ్మగారి గడపయొద్ద కులగోత్రములు అడుగు వాడుక లేదని ఆ సీమవారు నేటికిని చెప్పుకొందురు. ఆమె పోయిన వెనుక ఆ పొయ్యి మరల అట్లే వెలుగవలెనన్న మరొక సీతమ్మ పుట్టవలయును. సర్కారు పింఛనునకు ఆ భయము లేదు. కాని సర్కారు గడపయొద్ద కులగోత్రములు అడిగిరి.

1908 చట్టములోని ఒక క్లాజు ఆ పని చేసెను. ఆస్ట్రేలియాలో పుట్టినవారు తప్ప తక్కిన ఆసియావాసులు, ఆ ఖండపు ఆదివాసులు, ఆఫ్రికా, పసిఫిక్ ద్వీపములు, న్యూజీలాండు దేశముల ఆదివాసులు పింఛనునకు అనర్హులు. 1912లో కాన్పు అయిన ప్రతి తల్లికి 5 పౌండ్ల బహుమానము ప్రకటించినప్పుడును ఇంచుమించు ఇదే పట్టికను వ్రాసిరి. పింఛనుల సొమ్ము మిక్కుటముగా దిగుమతి సుంకములనుండియు ఎక్సైజునుండియు వచ్చెడిది. తేయాకు, పంచదార, గుడ్డ, పొగాకు కొన్న ప్రతివాడును అందులో తన వంతు కట్టెను. కట్టునప్పుడు రంగు అడుగలేదు.

ఇప్పుడు చెరకు సంగతికి వత్తము. ఇది కొంచెము విస్తరించి చెప్పదగినది.

1863లో రాబర్టు టౌన్సు అను వర్తకుడు తన ప్రత్తితోటకై న్యూ హెబ్రిడీసు మొదలగు ద్వీపములనుండి కొందఱిని క్వీన్సులాండునకు తెచ్చెను. ప్రత్తి పోయి చెరకు వచ్చెను. 1904 వఱకు ఇట్లు జరిగిన ఒప్పందములు సుమారు 62,000. నేటి వనువాటు, సాలమన్ ద్వీపముల యువకులే వీరిలో అధికులు. మొదటి దినములలో మోసముననో, బలిమిననో ఓడ యెక్కించినవారును కలరు. మూడేండ్ల ఒప్పందము, తిండి, గుడ్డ పోను ఏడాదికి 6 పౌండ్లు జీతము. అనగా రోజునకు నాలుగు పెన్సులు. కొత్త రోగములకు తట్టుకొనలేక సుమారు 15,000 మంది ఆ గడ్డమీదనే చనిపోయిరి. చచ్చినవారి జీతపు బాకీలను క్వీన్సులాండు ప్రభుత్వము ఒక నిధియందు చేర్చెను. అందులో బంధువులకు చేరినది స్వల్పము.

1901లో రాష్ట్రములన్నియు కలిసి ఒక దేశమైనప్పుడు మొదటి చట్టములలో ఒకటి ఈ ద్వీపవాసులను వెడలగొట్టుటకై చేయబడెను. 1904 మార్చి తరువాత కొత్తవారు రారాదు. 1906 ముగిసిన వెనుక మిగిలినవారిని పంపివేయవలెను. అప్పటికి అచ్చట సుమారు 10,000 మంది యుండిరి. వారు ఊరకుండలేదు; సంఘములు కట్టి అర్జీలు పంపిరి. ఎట్టకేలకు కొందఱికి మినహాయింపు దొరకెను: ఇరువది యేండ్లుగా నిలిచినవారికి, వేరు ద్వీపపు స్త్రీని పెండ్లాడి ఏ ద్వీపమునకు పోయినను ప్రాణభయము గలవారికి, మిక్కిలి వృద్ధులై గాని రోగపీడితులై గాని తిరిగిపోయినచో బ్రతుకలేనివారికి. తక్కినవారిని ఓడలెక్కించిరి. ఆ ప్రయాణపు ఖర్చులలో కొంత, పైన చెప్పిన చనిపోయినవారి జీతపు నిధినుండి తీసికొనబడినది.

పాఠకులు ఈ తేదీలను ఒకదానిప్రక్క నొకటి పెట్టి చూడవలెనని కోరుచున్నాము. 1906లో, ‘నీవు ముసలివాడవు, పని చేయలేవు, కనుక ఇచ్చటనే యుండుము’ అని ప్రభుత్వము ఆ ద్వీపవాసికి అనుమతి ఇచ్చెను. 1908లో అదే ప్రభుత్వము ముసలివారికి పింఛను ఏర్పరచి, ‘నీవు ద్వీపవాసివి, నీకు లేదు’ అనెను. వృద్ధాప్యము ఒక కాగితమున ఋజువై మరొక కాగితమున మాయమయ్యెను. 1913లో క్వీన్సులాండు మరొక చట్టము చేసి, శ్రుతలేఖన పరీక్షలో నెగ్గని రంగుజాతివారు చెరకు సాగుచేయరాదనెను. 1919నాటి కూలి తీర్పులు వారిని పరుల తోటలలో పనికిని దూరముచేసెను. పని లేదు, పింఛను లేదు. పెరటి కూరపాదులు, చేపలవేట, చర్చి, తోటివారి ఆదరము, వారికి మిగిలిన ఆసరాలు ఇవే.

ఇక తెల్లకూలివాని సంగతి. తెల్లవాడు చెరకు నరుకుటకు ఎక్కువ కూలి అడుగునని తోటయజమానులు మొఱపెట్టగా, ప్రభుత్వము దిగుమతి పంచదారపై టన్నునకు 6 పౌండ్ల సుంకము వేసెను. స్వదేశపు పంచదారపై 3 పౌండ్ల ఎక్సైజు విధించి, తెల్లవారి చేత మాత్రమే పండించిన చెరకునకు అందులో 2 పౌండ్లు తిరిగి ఇచ్చెను. ఇది నేర్పుగల పద్ధతి. సిడ్నీలో తేనీటిలో పంచదార కలుపుకొను ప్రతి యింటివారును కొంత హెచ్చు ధర చెల్లించి, క్వీన్సులాండులోని తెల్లకూలివాని జీతమును నిలబెట్టిరి. పింఛను ముసలితనమునకు వల యైనచో, ఈ సుంకము యౌవనమునకు వల.

1907 నవంబరులో జడ్జి హిగ్గిన్సు మెల్బోర్నుదగ్గర సన్‌షైన్ అనుచోట కోతయంత్రములు చేయు కార్ఖానా విషయమున తీర్పు చెప్పుచు, భార్య, ముగ్గురు బిడ్డలు గల పనివాడు నాగరికముగా, మితముగా బ్రతుకుటకు రోజునకు 7 షిల్లింగులు కావలెననెను. యజమానుని లాభమునుబట్టి గాక మనిషి అవసరమునుబట్టి కూలి కట్టుట లోకమునకు కొత్త. ఆ తీర్పునకు ఆధారమైన చట్టము మఱుసటి యేట హైకోర్టులో కొట్టివేయబడినను, ఆ 7 షిల్లింగులు తరువాతి తీర్పులకు కొలబద్ద యయ్యెను. స్త్రీ కూలి పురుషుని కూలిలో సగమునకు కొంచెము పైన మాత్రమే నిలిచెను. ఆమెను పోషించు మగవాడు ఉండునని వారి ఊహ. మగవాడు లేని యింటి సంగతి ఆ ఊహలో లేదు.

అదే 1907లో మన ద్వీపములలో కూలి యెంత? మగవానికి పూర్తి టాస్కునకు 1 షిల్లింగు, స్త్రీకి 9 పెన్సులు. టాస్కు పూర్తికానిచో కోత. కూలి యిచ్చినవారిలో ముఖ్యులు సిడ్నీలో 1855లో స్థాపింపబడిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీవారు. మన పెద్దలు ‘కంపెనీ’ యని ఊరకే పిలిచినది వారినే. వారికి క్వీన్సులాండులో గూండీ, విక్టోరియా మిల్లులును, ఇచ్చట నౌసోరి, రరవై, లంబాస, లౌతోక మిల్లులును గలవు. ఒకే కంపెనీ, ఒకే చెరకు, ఒకే గానుగ. సముద్రమునకు ఆవల కుటుంబ పోషణ కొలతగా జీతము. ఈవల సర్దారు చేతికఱ్ఱ కొలతగా జీతము. 1879 మొదలు 1916 వఱకు గిర్మిట్ వ్రాసి వచ్చిన 60,000 పైచిలుకు జనములో, 1903 తరువాత మదరాసు రేవునుండి వచ్చిన దక్షిణాదివారు ఇంచుమించు నాలుగవ పాలు. విశాఖపట్టణము, గోదావరి, నెల్లూరు మండలములనుండి వచ్చిన మన తాతలు వారిలోనివారే.

1921లో మన చెరకు కూలివారు సాధు వశిష్ఠముని నాయకత్వమున రోజునకు 12 షిల్లింగులు అడిగి సమ్మె చేసిరి. ఇది అత్యాశ యని నాటి పత్రికలు నవ్వెను. ఆస్ట్రేలియాలో ఆ కంపెనీయే తెల్లకూలివానికి ఏమి చెల్లించుచున్నదో తెలిసినవారికి అందులో నవ్వవలసినది కనబడదు. సాధువును దేశమునుండి వెడలగొట్టిరి; సమ్మె నెలల తరబడి నడచి విఫలమయ్యెను. 1922లో మన స్థితిగతులు విచారింప భారత ప్రభుత్వము పంపిన సంఘమునకు అధ్యక్షుడు విశాఖపట్టణ ప్రాంతపు తెలుగువాడు బి. వెంకటపతిరాజుగారు. వారి నివేదిక ప్రకటింపబడలేదు.

ఆ 1922లోనే వి. యస్. శ్రీనివాసశాస్త్రిగారు ఆస్ట్రేలియాకు పోయి అచ్చటి భారతీయుల పౌరహక్కులనుగూర్చి నగరనగరమున ప్రసంగించిరి. అచ్చట మనవారు సుమారు రెండువేలమంది మాత్రమే. గ్రామములలో తిరిగి సరకులమ్మువారు, అరటితోటలలోను చెరకుతోటలలోను పనిచేయువారు. శాస్త్రిగారి ఇంగ్లీషును మెచ్చినంత సులభముగా వారి కోరికను మన్నింపలేదు. 1924లో మిట్టా బుల్లోష్ అను భారతీయుడు తన ఓటుకై మెల్బోర్ను కోర్టున వ్యాజ్యము వేసి గెలిచెను. 1925లో భారతీయులకు ఓటును, 1926లో పింఛనును, ప్రసూతి బహుమానమును చట్టమే ఇచ్చెను. వారమునకు ఒక పౌండు, తెల్లవారితో సమానముగ. రెండువేలమందికి ఇచ్చుటవలన ఖజానాకు భారము లేదు, సామ్రాజ్యమునకు పేరు వచ్చును. ఆ లెక్కయు ఉండియుండును. అయినను ఇచ్చినది ఇచ్చినదే. తక్కిన ఆసియావారు 1941 వఱకు, పసిఫిక్ ద్వీపవాసులు 1942 వఱకు వేచియుండిరి. 1906లో వృద్ధుడని ఉండనిచ్చిన ద్వీపవాసులలో 1942 చూచినవారు ఎందఱుందురో పాఠకులే ఊహింపవచ్చును.

1930 ప్రాంతపు గొప్ప మాంద్యమున యూనియను పనివారిలో ఇంచుమించు మూడింట ఒక వంతు నిరుద్యోగులైరి. 1931లో పింఛనును 20 షిల్లింగులనుండి 17½కు తగ్గించిరి. నిరుద్యోగికి దేశవ్యాప్తమైన భృతి అప్పటికి లేదు. రేషను చీట్లే గతి. ఆ అవమానమును మరువని తరము యుద్ధకాలమున అధికారములోనికి వచ్చెను. 1941లో బిడ్డల భత్యము, 1942లో వితంతువుల పింఛను, 1945లో నిరుద్యోగ, అనారోగ్య భృతులు వచ్చెను. 1946లో జనాభిప్రాయ సేకరణముచే రాజ్యాంగమే మార్పబడెను.

ఆదివాసుల కథ వేరు. దేశము వారిదే, పింఛను వారిది కాదు. క్వీన్సులాండులో 1897 చట్టము క్రింద వారి కూలిని ‘రక్షకులు’ అను అధికారులు తామే పుచ్చుకొని దాచుచుండిరి. అడిగినను ఈయనివి అనేకము. 1942 తరువాత కొందఱికి, 1960నుండి చాలమందికి, 1966 తరువాత అందఱికి భృతులు దక్కెను. దాచిన కూలికై వేసిన వ్యాజ్యమున క్వీన్సులాండు ప్రభుత్వము 2019లో 190 మిలియను డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. ద్వీపవాసి తండ్రికి పుట్టి, 1967నాటి జనాభిప్రాయ సేకరణములో ఆదివాసులకై ఊరూర తిరిగిన ఫెయిత్ బాండ్లరమ్మ 2015 వఱకు జీవించెను. చెరకుకూలివాని బిడ్డ, తన తండ్రిని వెలుపలనుంచిన దేశపు రాజ్యాంగమును దిద్దుటకు చేయివేసెను. ఆమె పేరు మన బాలబాలికలకు తెలియవలెనని మా అభిప్రాయము.

ఇంత చేసినను ఆ దేశమున బీదతనము పోలేదు. ప్రొఫెసరు రోనాల్డు హెండర్సను నాయకత్వమున జరిగిన విచారణ 1975లో, జనములో సుమారు పదింట ఒకరు దారిద్ర్యరేఖకు దిగువ నున్నట్లు తేల్చెను. 1987లో ప్రధాని హాకు, 1990 నాటికి ఏ బిడ్డయు దారిద్ర్యమున నుండదనెను. ఆ మాట నెరవేరలేదు. 2019-20 నాటి ప్రభుత్వ గణాంకములలో ఆ దేశపు సంపదలో 62 పాళ్లు పైనున్న అయిదవవంతు కుటుంబములదగ్గర, ఒక పాలు కంటె తక్కువ క్రిందనున్న అయిదవవంతు దగ్గర నుండెను. దీనికి ఇండ్లధరలు ఒక ముఖ్యకారణము. 1912లో ఇంటిని లెక్కనుండి మినహాయించినవారికి, ఆ యిల్లే ఒకనాడు కోటీశ్వరునికిని అద్దెదారునికిని మధ్య గోడ యగునని తోచియుండదు. నేడు అచ్చట సొంత యిల్లు గల వృద్ధునికి పింఛను సరిపోవును. అద్దె కట్టు వృద్ధురాలికి చాలదు.

పాత్రాపాత్ర విచారమును మరల యంత్రములచే చేయించిరి. 2015 మొదలు 2019 వఱకు, బీదలు పన్ను కార్యాలయమునకు చూపిన ఏడాది ఆదాయమును పక్షములకు సమముగా పంచి, ‘నీవు హెచ్చు భృతి పుచ్చుకొంటివి, తిరిగి కట్టుము’ అని లక్షలాది నోటీసులు పంపిరి. మూడునెలలు పనిచేసి తొమ్మిదినెలలు ఊరకున్న కూలివాని బ్రతుకు సగటులో ఇమడదని చెరకుకోత యెరిగిన మనకు వేరే చెప్పనక్కరలేదు. ఇది చట్టవిరుద్ధమని తేలి, 2020లో 4,70,000 బాకీలకు సంబంధించిన 721 మిలియను డాలర్లు తిరిగి ఇచ్చుటకు ఒప్పుకొనిరి. రాయల్ కమిషను 2023 జూలైలో ఈ పద్ధతిని తీవ్రముగా ఖండించెను. ఆ 2020లోనే, మహమ్మారి వేళ, నిరుద్యోగ భృతికి పక్షమునకు 550 డాలర్లు చేర్చి ఇంచుమించు రెట్టింపు చేసిరి. బీదతనము కన్నులయెదుట తగ్గెను. 2021 మార్చి ముగియగానే ఆ అదనము తీసివేయబడెను.

మన కుటుంబములకు నేరుగా సంబంధించిన సంగతి చెప్పి ముగింతుము. ఇప్పటి నియమములలో రంగు లేదు, కాలము గలదు. 2019నుండి కొత్తగా వచ్చి స్థిరపడినవారు చాల భృతులకు నాలుగేండ్లు వేచియుండవలెను. వృద్ధాప్య పింఛనునకు సాధారణముగ పదేండ్ల నివాసము కావలెను. బిడ్డలు హెచ్చు రుసుము కట్టి తల్లిదండ్రులను పిలిపించుకొను వీసాలో, పదేండ్లవఱకు తల్లిదండ్రులు భృతి పుచ్చుకొన్నచో ఆ సొమ్మును హామీ ఇచ్చినవారే ప్రభుత్వమునకు తిరిగి చెల్లించవలెను. ఇచ్చటి ఇంటిని, లీజు భూమిని అమ్మి పోదలచిన పెద్దలు ఆ పదేండ్లు దేనితో గడుచునో ముందుగా బిడ్డలతో కూర్చుండి లెక్కించుకొనవలెను. హామీపత్రముపై ఎవరు సంతకము చేయుదురో, వారి ఉద్యోగము పోయినచో ఏమగునో అప్పుడే అడిగి తెలిసికొనవలెను.